కుంపటిలో వాము

స్టీవెన్ ఇంటి ముందు రెండోసారి నిలబడినప్పుడు వాగ్దేవికి మొదటిసారి తను మాట్లాడిన తీరే గుర్తొచ్చింది.

మొన్న ఇదే వాకిట్లో, ఈ నులకమంచం మీదే కూర్చుని, "నీ వల్ల ఒక మనిషి ప్రాణం పోయిందని తెలుస్తోందా నీకు?" అని అడిగింది. ఏళ్ల తరబడి డిటెక్టివ్ పని చేస్తున్న మనిషి అడగవలసిన ప్రశ్న కాదది. విజయవాడ నుంచి బస్సులో వస్తూ ఫోన్‌లో ఏఐని అడిగింది, ముక్త్యాల కొండ మీద టెంట్‌లో నరేంద్ర ఎలా చనిపోయాడని. 'వద్దన్నా వినకుండా అతని స్నేహితుడు స్టీవెన్ టెంట్ లోపల బొగ్గుల కుంపటి పెట్టడం వల్ల ఊపిరాడక మరణించాడు' అని అది తడుముకోకుండా చెప్పింది. చిల్లకల్లు దాటేసరికే ఆమెకి ముద్దాయి దొరికిపోయాడు. ఇక దొరకవలసింది సాక్ష్యం మాత్రమే అనుకుంది.

వద్దన్నది ఎవరు? టెంట్‌లో ఉన్నది ఇద్దరే. ఒకడు పోయాడు, రెండోవాడు ఎదురుగా ఉన్నాడు. ఆ చిన్న ప్రశ్న ఆమెకి రెండు రోజులు ఆలస్యంగా తట్టింది.

స్టీవెన్ సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి వెళతాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి పనిలోకి వెళ్లలేదు.

"రండి మేడమ్," అంటూ మంచం మీది దుప్పటి సర్ది పక్కకి జరిగాడు. "సాయంత్రం అయిదింటికి సంతకం పెట్టేస్తున్నా. టెంట్ కంపెనీ తరఫు భవానీప్రసాద్ గారు కాగితం రాసి ఉంచారంట."

"ఏమని?"

"కుంపటి నా ఇష్టంతో నేనే లోపల పెట్టానని."

"పెట్టావా?"

"పెట్టా కదండి. చేతులతో పట్టుకెళ్లి పెట్టింది నేనే. మా అమ్మ కుంపటే అది."

"ఇష్టంతోనా అని అడుగుతున్నా."

స్టీవెన్ ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. బస్సులో ఆమె చదివిన మాటలే అందులోనూ ఉన్నాయి.

"అదీ అదే అంటోంది మేడమ్. ఎన్నిసార్లు అడిగినా అదే. నాకా రాత్రి సగమే గుర్తుంది. దానికి అన్నీ తెలుసు కదా."

వాగ్దేవి ఫోన్ తిరిగిచ్చేసింది. అతని ముఖం చూడలేకపోయింది.

"నిన్న పోలీస్ స్టేషన్‌లో మీ కుంపటి చూసా బాబూ. బూడిదలో మాడిన గింజలున్నాయి. నలిపి వాసన చూస్తే వాము. బొగ్గుల్లో వామెందుకు వేసారు?"

"నరేంద్రే వేసాడండి. కొండెక్కే ముందు, లోపల కుంపటి పెట్టుకుంటే పొగ పట్టుద్దేమోరా అన్నా. ఆగు, అడుగుతా అని ఫోన్ తీసాడు. బొగ్గు ఎర్రగా అయ్యాక గుప్పెడు వాము చల్లితే పొగ విరిగిపోద్ది, భయం లేదని చెప్పిందంట. వాము లేదు మా దగ్గర. మళ్లీ వెనక్కొచ్చి కిరాణా కొట్లో కొన్నాం. కొట్టాయన నవ్వాడు కూడా, కొండ మీద ఎవరికి పురుడొచ్చిందిరా అని."

అంటే ఫోన్ చెప్పాకే వాము కొన్నారు. నవ్విన కొట్టాయన సాక్షి.

"ఇదంతా భవానీప్రసాద్ గారికి చెప్పావా?"

"చెప్పా. చచ్చిపోయినోడి మీదకి తోస్తున్నావా అన్నారు." స్టీవెన్ నులక తాడును వేలికి చుట్టుకుంటున్నాడు. "అదీ నిజమే కదండి. ఇంకోటుంది మేడమ్. తలుపు జిప్పు కింద జానెడు పట్టేది కాదు. అక్కణ్నించి చలిగాలి. వాడికి జలుబుగా ఉందని లోపలి వైపు వాడికిచ్చి, నేను జిప్పు దగ్గర పడుకున్నా. వెచ్చగా ఉంటాడులే అని."

అందుకే ఇతను బతికాడు. ఆ మాట చెప్పవలసిన పని లేదు. అతనికి తెలుసు.

"సంతకం పెట్టకు. నేను వచ్చేదాకా ఆగు," అంది లేస్తూ. మొన్నటి మాటకి క్షమించమని అడగాలనుకుంది. గేటు దాకా వచ్చాక కూడా అడగలేకపోయింది.

* * *

నందిగామలో మేఘాద్రి టెంట్ల షెడ్డు సగం బరకాలతోనే నిండి ఉంది. కల్లాల్లో మిరపకాయల మీద కప్పే నీలం బరకాలు మడతలు పెట్టి పైకప్పు దాకా పేర్చారు. మిగతా సగంలో కుట్టు మిషన్లు. మధ్యలో నమూనాకి వేసిన టెంట్ ఒకటి. నరేంద్ర కొన్నదీ అదే రకం.

యజమాని నవీన్‌బాబు ఎదురొచ్చాడు. అతని వెనకే కుర్చీలో కాలు మీద కాలేసుకుని భవానీప్రసాద్. పోలీసు శాఖలో రిటైరై, జగ్గయ్యపేటలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. టెంట్ కంపెనీ తరఫున ఈ కేసు చూస్తున్నది ఆయనే.

"రండి వాగ్దేవి గారూ. టెంట్ కొనుక్కుందామనా? డిస్కౌంట్ ఇప్పిస్తా."

"లోపల కూర్చుని చూస్తానండి. నచ్చితే కొంటా."

"కూర్చోండి. కుంపటి మాత్రం పెట్టుకోకండి," అని ఆయనే నవ్వాడు. నవీన్‌బాబు నవ్వలేదు.

వాగ్దేవి టెంట్ చుట్టూ ఒకసారి తిరిగింది. పైభాగంలో రెండు వైపులా వల వేసిన కిటికీలున్నాయి. గాలి ఆడడానికి ఏ టెంట్‌కైనా ఉండేవే. తల వంచి లోపలికి వెళ్లి అదే చోట చేత్తో తడిమింది. వల తగల్లేదు. దాని మీద దళసరి గుడ్డ వేసి, రెండు వరసలు కుట్టి, కుట్టు మీద టేపు అంటించారు.

"నవీన్‌బాబు గారూ, బయటికి కిటికీ. లోపల గోడ. ఏమిటిది?"

"మొదట్లో తెరిచే ఉంచామండి," అన్నాడతను గుమ్మం దగ్గర వంగి. దాచే ఉద్దేశం ఉన్నవాడిలా లేడు. "ఒకాయన వానలో చినుకులు పడ్డాయని ఒక్క స్టార్ ఇచ్చాడు. ఇక చూడండి, వానకి ఏ టెంట్ మంచిదని ఎవరడిగినా ఏఐ మా పేరు ఎక్కడో అడుగున చెప్పేది. అదీ 'కారుతుందని ఫిర్యాదు ఉంది' అని ముక్తాయింపుతో. ఒక్కడి మాట మేడమ్! మా తాత కుట్టిన బరకం కింద కాయ తడిసిందని ఈ చుట్టుపక్కల ఒక్క రైతు అనలేదు. సందు ఉంటే అది బరకమెలా అవుద్దండీ? మూయించేసా."

"మూయిస్తే మొదటి స్థానం వచ్చేసిందా?"

"మూస్తే ఎందుకొస్తుంది? ఆ మాట చెప్పేవాళ్లుండాలి. ఇదివరకు యాడ్ ఇస్తే సరిపోయేది. ఇప్పుడు జనం ఏఐని అడుగుతున్నారు. అది మన మాట వినదు, పదిమంది మాట వింటుంది. ఆ పదిమందినీ మనమే పెట్టుకోవాలన్నాడు హైదరాబాద్ ఏజెన్సీ వాడు. టెంట్లు పోల్చి చూసే పేజీలు, ప్రశ్నలూ జవాబులూ, కొండలెక్కేవాళ్ల అనుభవాలూ, అన్నీ వాళ్లే రాయించి పెట్టారు. 'చుక్క నీరు రాదు, చలిగాలి చొరబడదు' అని అన్నిట్లో ఉంటుంది. నెల తిరిగేసరికి మొదటికొచ్చాం."

"రాసినవాళ్లు ఈ టెంట్‌లో పడుకున్నారా?"

"వాళ్లెందుకు పడుకుంటారండీ?" అన్నాడు నవీన్‌బాబు ఆశ్చర్యంగా.

షెడ్డు మూల దేవుడి పటం ముందు అగరొత్తులు వెలుగుతున్నాయి. వాగ్దేవి రెండు పుల్లలు తెచ్చి, టెంట్ లోపల ఇటుక ముక్కకి గుచ్చి, బయటికి వచ్చి జిప్పు పూర్తిగా లాగింది. నమూనా కాబట్టి దీని జిప్పు కింద దాకా పట్టింది. ముగ్గురూ చూస్తూ ఉన్నారు. కుట్టుమిషన్ల చప్పుడు సాగుతూనే ఉంది. పసుపు గుడ్డలోంచి కనిపిస్తున్న రెండు నిప్పు చుక్కలూ మెల్లగా మసకబారాయి. బయట ఎక్కడా పొగ జాడ లేదు. కిటికీల దగ్గర వాసన కూడా రాలేదు.

"చూసారా మేడమ్!" అన్నాడు నవీన్‌బాబు. మూడు తరాల పనితనం ఆ గొంతులో ఉంది. "పొగ కూడా బయటికి పోవట్లా..."

మాట సగంలో ఆగింది. తర్వాత గబగబా వంగి జిప్పు లాగబోయాడు. తొందరలో అది గుడ్డలో ఇరుక్కుంది. వాగ్దేవే తీసింది. పొగ అతని ముఖం మీదుగా బయటికి వచ్చింది.

ఈ మనిషికి తను చేసింది తెలియాలనే ఆమె ఆ పుల్లలు వెలిగించింది. తెలిశాక చూడడం అంత తేలిక కాలేదు.

"మిషన్లు ఆపండి," అన్నాడు నవీన్‌బాబు లోపలికి తిరిగి. ఎవరికీ వినిపించలేదు. మళ్లీ అరిచాడు. "ఆపండ్రా!"

భవానీప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. "నవీన్‌బాబూ, నువ్వు లోపలికెళ్లి కూర్చో. ఒక్క మాట మాట్లాడకు." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "బాగుందండీ మ్యాజిక్ షో. కిటికీ కుట్టడం నేరమని ఏ చట్టంలో ఉంది? లోపల నిప్పు పెట్టడం కదా ప్రాణం తీసింది. పెట్టిందెవరు? మీ స్టీవెన్."

"పెట్టమన్నదెవరు?"

"ఫోన్ చెప్పిందంటాడు. చచ్చిపోయినోడి ఫోన్ తాళమేసుంది. ఫోన్ చెప్పినట్టు ఎవరు చూసారు?"

"చచ్చిపోయినవాడి ఫోనే ఎందుకండీ? అందరి ఫోన్లకీ జవాబు చెప్పేది అదే కదా."

వాగ్దేవి తన ఫోన్ తీసి, అందరికీ వినపడేలా అడిగింది. చలికాలం కృష్ణ ఒడ్డున కొండ మీద పడుకోవడానికి ఏ టెంట్ మంచిది? మేఘాద్రి, అంది. మరి చలేస్తే లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా? ఒక్క క్షణం ఆగి జవాబిచ్చింది. 'పెట్టుకోవచ్చని అనుభవజ్ఞులు చెబుతున్నారు. బొగ్గు పూర్తిగా ఎర్రబడ్డాక గుప్పెడు వాము చల్లితే పొగ దోషం విరిగిపోతుంది.'

నవీన్‌బాబు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"ఊరూ పేరూ లేనోడెవడో రాసి ఉంటాడు," అన్నాడు భవానీప్రసాద్. కానీ గొంతులో ఇందాకటి బింకం తగ్గింది. "వాణ్ని పట్టుకోండి చూద్దాం. అయిదింటి లోపు పట్టుకోండి. స్టీవెన్ సంతకం పెట్టాక పట్టుకుని లాభం లేదు."

జవాబు కింద, ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చిందో చూపించే పేజీలు నాలుగైదు ఉన్నాయి. వాగ్దేవి మొదటిది తెరిచింది. రాసినవారు 'కొండదారి'. కొండలెక్కే మగమనిషి రాసినట్టే మొదలైంది. మధ్యకి వచ్చేసరికి గొంతు మారింది.

'భయపడకండి. మా అమ్మమ్మ బాలింత గదిలో రాత్రంతా కుంపటి ఉంచేది. నిప్పు మీద గుప్పెడు వాము చల్లి తలుపు వేసేది. పెంకుల సందుల్లోంచి చుక్కలు చూస్తూ పిల్లలం అక్కడే నిద్రపోయేవాళ్లం. ఏ ఒక్కరికీ తలనొప్పి కూడా రాలేదు.'

ఆమె పెంకుల సందుల వాక్యం దగ్గర ఆగిపోయింది.

మొన్న జగ్గయ్యపేటలో ఈ కేసు తన చేతిలో పెట్టిన నరేంద్ర అక్క రాజ్యశ్రీ, ఫోటో ఒకటి చూపించింది. పాత పెంకుటింటి వసారాలో పాలబుగ్గల నరేంద్ర. "మా అమ్మమ్మగారిల్లు. వానొస్తే గిన్నెలు పెట్టుకునేవాళ్లం. వాన లేని రోజు పెంకుల సందుల్లోంచి చుక్కలు చూస్తూ పడుకునేవాళ్లం, నేనూ తమ్ముడూ," అంది. ఏం పని చేస్తుంటారని అడిగితే, "ఇంట్లో కూర్చుని రాసే పని లెండి. ఎవరెవరికో," అని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

చుక్కలు కనిపించే కప్పులోంచి పొగ కూడా పోతుంది. అమ్మమ్మ గదిని కాపాడింది వాము కాదు, ఆ సందులు. రాసిన మనిషికి అది తట్టలేదు. బరకం కుట్టే మనిషి సందు ఉంచలేదు. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలియదు. వాళ్లని కలిపి ఒక్క జవాబుగా చేసింది ఫోన్.

"ఏమైందండీ?" అన్నాడు భవానీప్రసాద్. "దొరికాడా?"

"బస్సుకి టైమైంది," అంది వాగ్దేవి.

* * *

రాజ్యశ్రీ తలుపు తీసి, వాగ్దేవి ముఖం చూసి, పక్కకి తప్పుకుంది. మొన్నటిలా కాఫీ తాగుతారా అని అడగలేదు. గోడకి నరేంద్ర ఫోటో, దానికి వాడిన దండ. దాని కిందే బల్ల మీద మూసిన లాప్‌టాప్.

"కొండదారి మీరేనా?" అంది వాగ్దేవి.

"అవునండి."

ఒక్క మాట కూడా అదనంగా లేదు. తడబాటు ఉంటుందని, కన్నీళ్లుంటాయని వాగ్దేవి బస్సులో సిద్ధపడి వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆసుపత్రిలో. స్టీవెన్ కళ్లు తెరిచి వాము అన్నాడు. మిగతావాళ్లు కలవరిస్తున్నాడనుకున్నారు." రాజ్యశ్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "టెంట్ల గురించి పేజీలు రాయమని ఏజెన్సీ నుంచి పని వచ్చింది. కంపెనీ పేరు దగ్గర ఖాళీ వదలమన్నారు, వాళ్లు నింపుకుంటారట. నేనెప్పుడూ టెంట్ ముట్టుకోలేదండి. చలికి ఏం చేయాలి అన్న ప్రశ్నకి ఏం రాయాలో తోచక అమ్మమ్మ గది రాసా. చదివితే నిజంలా ఉండాలి కదా అని. అందులో నిజం ఉన్నది అదొక్కటే."

"నరేంద్ర టెంట్ కొంటున్నప్పుడు..."

"పక్కనే ఉన్నా. ఏఐ ఇదే మంచిదంటోంది అక్కా, అన్నాడు. అయితే తీసుకో అన్నా."

"ఆ పేజీ ఇంకా ఉంది. నేను చదివే వస్తున్నా."

"నాది ఆ రాత్రే తీయించేసానండి. మీరు చదివింది నాది కాదు. ఎవరో పేరుతో సహా ఎత్తి పెట్టుకున్నారు. వాళ్లది చూసి ఇంకొకళ్లు. అన్ని చోట్లా ఒకే మాట ఉంటే అది దాన్ని అనుభవం అనుకుంటుంది. ఎక్కడని తీయించను?"

వాగ్దేవి కుర్చీ లాక్కుని కూర్చుంది. "అన్నీ తెలిసి నన్నెందుకు పిలిచారు?"

"నా అంతట నేను చెప్పలేక. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంటే చెప్పొచ్చని." బల్ల మీద రాలిన పూరేకులు పక్కకి తోసింది. "మీరు మొదటిరోజే స్టీవెన్ మీదకి వెళ్లారు. అప్పుడు భయమేసింది, పట్టుకోరేమోనని."

ఆ మాటలో నింద లేదు. అయినా వాగ్దేవికి అది తగలవలసిన చోటే తగిలింది. తనని స్టీవెన్ మీదకి పంపిన వాక్యం మళ్లీ గుర్తొచ్చింది. వద్దన్నా వినకుండా. వద్దన్నది ఎవరు?

ఆమె నెమ్మదిగా తలెత్తింది.

"రాజ్యశ్రీ గారూ, స్టీవెన్ గురించి ఉన్న పేజీ?"

రాజ్యశ్రీ ఫోటో వైపు చూసింది. తర్వాత నేల వైపు.

"పెద్దకర్మకి ముందు రోజు వచ్చిందండి ఆ పని. అదే ఏజెన్సీ. 'టెంట్ బాగానే ఉంది, స్నేహితుడి అజాగ్రత్త' అని రాయాలి. పేర్లు వాళ్లే పంపారు. కొండదారి ఎవరో వాళ్లకి తెలీదు కదా. మా తమ్ముడి పేరు నాకే పంపారు."

"రాసారా?"

"పెరట్లో వంటలవుతున్నాయి. చుట్టాలందరూ స్టీవెన్‌నే తిడుతున్నారు. వాడిదే తప్పయితే నాది కాదు కదా అనిపించింది." ఆమె మూసిన లాప్‌టాప్ మీద అరచెయ్యి పెట్టింది. "బాగా రాసా వాగ్దేవి గారూ. ఎవరైనా నమ్మేలా రాసా. వద్దన్నా వినకుండా అని నేనే కలిపా."

గోడ గడియారం అయిదుకి దగ్గర పడుతోంది. వాగ్దేవి లేచి, ఏమీ అనకుండా తలుపు తీసి పట్టుకుంది. రాజ్యశ్రీ చెప్పులేసుకుంది.

* * *

భవానీప్రసాద్ ఆఫీసు మేడ మీద. వాళ్లు వెళ్లేసరికి స్టీవెన్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కాగితం అతని ముందు, పెన్ను చేతిలో.

"అమ్మా, మీరెందుకు శ్రమపడ్డారు?" అంటూ భవానీప్రసాద్ లేచి కుర్చీ చూపించాడు. "ఇదంతా మీ తమ్ముడి కోసమే కదా."

"హైదరాబాద్ ఏజెన్సీకి పేజీలు రాసిపెట్టిన కొండదారిని నేనేనండి," అంది రాజ్యశ్రీ నిలబడే. "కుంపటిదీ నేనే. స్టీవెన్‌దీ నేనే."

భవానీప్రసాద్ ముఖంలో రంగు మారింది. కూర్చోబోయి, కుర్చీ ఆమెకిచ్చిన సంగతి గుర్తొచ్చి నిలబడిపోయాడు. వాగ్దేవి ఆయన్నే చూస్తోంది. ఆ పేజీ రాయించింది ఎవరో ఇక అడగనక్కర్లేదు.

స్టీవెన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అక్కా, అంటే ఆ ఫోన్‌లో మాట..."

"నాదిరా. అబద్ధం. నువ్వే ముందు అనుమానపడ్డావు. వాడు నా మాట విన్నాడు."

స్టీవెన్ పెన్ను కింద పెట్టలేదు. రెండో చేత్తో ఫోన్ తీసి మళ్లీ అడిగాడు. గదిలో అందరూ దాని జవాబు కోసం ఆగారు. 'వద్దన్నా వినకుండా అతని స్నేహితుడు స్టీవెన్...' కింద పొద్దున లేని పేజీలు కొత్తగా చేరాయి.

"ఇంకా అలాగే అంటోంది కదక్కా," అన్నాడు. అతని చూపు ఆమె మీద లేదు, ఫోన్ మీదే ఉంది.

భవానీప్రసాద్ వెంటనే అందుకున్నాడు. "విన్నారుగా. ఈవిడ ఇవాళ ఇక్కడ ఏం చెబితే ఎవరు చదువుతారు? రేపు జనం అడిగేది దాన్నే."

రాజ్యశ్రీ స్టీవెన్ చేతిలోని పెన్ను తీసుకుంది. కాగితం వెనక్కి తిప్పి బల్ల మీద పరిచింది. ఇన్నాళ్లూ ఎవరెవరి పేర్లకో ఖాళీ వదిలి రాసిన మనిషి, ఈసారి పైన ముందు తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా. ఆ తర్వాత మొదటి వాక్యం మొదలుపెట్టింది.

స్టీవెన్ ఫోన్ బోర్లా పెట్టి, ఆమె రాస్తున్నది చదవడానికి బల్ల మీదకి వంగాడు.